'మీ ఇంట్లో ఎలా చేస్తారమ్మా?' అని అడిగే నర్సు

తెలుగు ఊళ్లలో ఏ ప్రసూతి వార్డులోనైనా ఎదురయ్యే సంగతి ఒకటి. బిడ్డ తల బయటికి వచ్చింది, మెడ చుట్టూ బొడ్డుతాడు ఒక చుట్టు ఉంది. స్టాఫ్ నర్సు వేలితో దాన్ని తల మీదుగా తప్పించేసింది. అర నిమిషం పని. బిడ్డ గట్టిగా ఏడ్చాడు, బరువు మూడు కిలోలు, అంతా బాగుంది. బయట కాచుకున్న అమ్మమ్మకు బిడ్డను చూపిస్తూ నర్సు మాటవరసకు ఒక మాట అంది: "పేగు మెడకేసుకుని పుట్టాడమ్మా, ఏం కాలేదులే." అమ్మమ్మ ముఖంలో నవ్వు అక్కడే ఆగిపోయింది.

పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమని తెలుగు ఇళ్లలో గట్టి నమ్మకం. శాంతి చేయించాలి, మేనమామ బిడ్డను నేరుగా చూడకుండా ముందు నూనెలో ముఖం చూడాలి. నర్సుకు ఇది తరచూ కనిపించేదే. ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో తాడు మెడ చుట్టూ ఉంటుంది, చాలావరకు ఏ హానీ జరగదు. అమ్మమ్మకు మాత్రం అది కొడుకు ప్రాణం మీదికి వచ్చిన కబురు. ఫోన్లు మొదలవుతాయి. బస్సెక్కి బయల్దేరిన మేనమామను సగం దారిలో ఆపేస్తారు. లోపలున్న తల్లికి సంగతి తెలిసి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. మొదటి గంటలో బిడ్డకు పట్టాల్సిన పాల మాట ఎవరికీ గుర్తుండదు.

"ఈ రోజుల్లో కూడా ఈ మూఢనమ్మకాలేంటమ్మా?" అని నర్సు కసిరితే అమ్మమ్మ నోరు మూసుకుంటుంది. నమ్మకం చెక్కుచెదరదు. ఈ నర్సుకు ఇకమీదట ఏదీ చెప్పకూడదని మాత్రం నేర్చుకుంటుంది. "మీ వైపు అలా చూస్తారా? చాలామంది పిల్లలకు ఉంటుందమ్మా ఇది, వీడు హాయిగా ఉన్నాడు చూడండి. నూనెలో చూడటం ఇంటికెళ్లాక తీరిగ్గా చేసుకోండి, ముందు పాలు పట్టిద్దాం" అన్నా పట్టేది అంతే సమయం. నర్సు ఆ గండాన్ని నమ్మనక్కర్లేదు. దాని మీద వాదన పెట్టుకోనూ అక్కర్లేదు.

కాన్పు చేసేవాళ్లు ఎదుటివాళ్ల ఆచారాలను పట్టించుకోవాలన్న మాటకు చాలాకాలం ఒకే కారణం చెప్పేవారు: లేకపోతే ఆడవాళ్లు ఆసుపత్రికి రారు. తెలుగు రాష్ట్రాల్లో ఆ కారణం దాదాపు తీరిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆసుపత్రి కాన్పులు తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం. దేశం మొత్తం మీద 88.6. 2005లో మొదలైన జననీ సురక్షా యోజన, 108, 102 బండ్లు, గుమ్మం గుమ్మం తిరిగే ఆశాలు, 2017లో తెలంగాణ మొదలుపెట్టిన కేసీఆర్ కిట్, దానితోపాటు మగపిల్లాడైతే 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు, ఇవన్నీ కలిసి చేసిన పని అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-06లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20కి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కి, తెలంగాణలో 43కి దిగింది. ఈ లెక్కలు చూశాక పాత రోజులే నయమని ఎవరూ అనలేరు.

అందరూ వచ్చేస్తున్నారు కదా, ఇంకా ఈ ఆచారాల గోల దేనికి అని అడగొచ్చు. ఆచారాన్ని మన్నించడం అంటే మర్యాదగా మాట్లాడటం, ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు అన్నట్టు చూడటం వల్ల వచ్చే ప్రశ్న అది. నిజానికి పని అక్కడే ఆగుతుంది. కసిరే చోట ఎవరూ నిజం చెప్పరు. గర్భిణి గురించి నిజం తెలియకుండా కాన్పు చేయడం చీకట్లో చెయ్యి పెట్టడమే.

చెప్పని మాటలు

నొప్పులతో వచ్చిన మనిషిని ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి: "ఇంటి దగ్గర ఏమైనా మందు వాడారా?" జవాబు ఎప్పుడూ "లేదండీ." వాడినవాళ్లూ అదే అంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ 'నొప్పుల సూది' వేసి ఉండొచ్చు. ఆసుపత్రిలో నొప్పులు పెరగడానికి చుక్కలు లెక్కపెట్టి ఎక్కించే ఆక్సిటోసిన్‌ను ఊళ్లో ఒక్కసారిగా కండకు పొడిచేస్తే గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది. ఆ సంగతి తెలియని డ్యూటీ నర్సు నొప్పులు చాలడం లేదనుకుని అదే మందు మళ్లీ మొదలుపెడితే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నిజం చెబితే "మరి వాడి దగ్గరే కనాల్సింది, ఇక్కడికెందుకొచ్చావు?" అంటారని భయం. పక్క మంచం మీద మనిషిని అలా అనడం ఆమె చెవులారా విని ఉంటుంది కూడా.

తిండి సంగతీ అంతే. నెలలు నిండేకొద్దీ తిండి తగ్గించుకోవడం చాలా ఊళ్లలో ఉంది. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని, కడుపునిండా తింటే బిడ్డకు చోటు చాలదని పెద్దవాళ్లు చెబుతారు. ఐరన్ మాత్రలు వేడి చేస్తాయని, బిడ్డ నల్లగా పుడుతుందని పక్కన పెడతారు. అంగన్‌వాడీలో అడిగితే మాత్రం "వేసుకుంటున్నానండీ" అన్న జవాబే వస్తుంది. ఖాళీ అయిన మాత్రల అట్టను చూపించేవాళ్లూ ఉంటారు, మాత్రలు పెరట్లో పడి ఉంటాయి. అదే సర్వేలో ఈ రెండు రాష్ట్రాల్లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. ఇంతమందికి మాత్రలు ఇస్తున్నా రక్తం ఎందుకు పెరగడం లేదన్న ప్రశ్నకు జవాబులో కొంత ఆ పెరట్లో దొరుకుతుంది.

తిండి భయం వెనక ఒక తర్కం ఉంది. సిజేరియన్‌కు దారిలేని రోజుల్లో, చిన్న వయసులో పెళ్లయిన ఎముకల గూడులాంటి పిల్లకు పెద్ద బిడ్డ అడ్డం పడితే ఇద్దరూ పోయేవారు. తక్కువ తినమని చెప్పిన ముసలావిడ తన కళ్లముందు చూసిన చావుల నుంచి ఆ సలహా తీసింది. ఆ రోజులు మారాయని ఆమెకు చెప్పాలంటే ముందు ఆ రోజుల్లో ఆమె భయం తప్పు కాదని ఒప్పుకోవాలి. ఏఎన్‌ఎంలలో కొందరికి ఇది బాగా తెలుసు. "మా అమ్మా అలాగే చెప్పేది" అని మొదలుపెట్టి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. కోడలికి ఎంత చెప్పినా వంటింటి తాళం అత్తగారి చేతిలో ఉందని వాళ్లకు తెలుసు మరి.

కాన్పయ్యాక ఈ దాపరికం మంచం కిందికి చేరుతుంది. ఆసుపత్రి వాళ్లు అన్నం, సాంబారు, గుడ్డు, పెరుగు పెడతారు. బాలింతకు పెరుగు చలవ, గుడ్డు పచ్చిపుండుకు చీము పట్టిస్తుందని ఇంటివాళ్ల లెక్క. ఆ పళ్లెం తోడు వచ్చిన ఆడబిడ్డ తినేస్తుంది. మంచం కింద స్టీలు క్యారేజీలో పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి ఉంటాయి, చిన్న సీసాలో బాలింతలకు పెట్టే మందు కాయం ఉంటుంది. కొన్ని కులాల్లో, కొన్ని ఊళ్లలో బ్రాందీ కూడా. డ్యూటీ నర్సు వచ్చే చప్పుడు వినగానే చీర కుచ్చిళ్లతో క్యారేజీని కప్పేస్తారు. ఇందులో వెల్లుల్లి కారంతో ఏ నష్టమూ లేదు. నష్టం నీళ్లతో ఉంది. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని గ్లాసులు లెక్కపెట్టి ఇస్తారు. పాలిచ్చే తల్లికి, అందులోనూ ఆపరేషన్ అయిన తల్లికి, అది మంచిది కాదు. క్యారేజీ మొత్తాన్ని తిట్టే నర్సు నీళ్ల సంగతి ఎన్నటికీ కనిపెట్టలేదు. "కాయం పెట్టండమ్మా, ఫర్వాలేదు. నీళ్లు మాత్రం కాచి, గోరువెచ్చగా, అడిగినన్ని ఇవ్వండి" అనే నర్సుకు క్యారేజీ మూత తీసి చూపిస్తారు.

మంత్రసాని లెక్క

ఈ పని ఒకప్పుడు ఎవరికీ నేర్పనక్కర్లేదు. మంత్రసాని ఆ ఊరిదే, ఆ మాటే మాట్లాడేది, ఆ ఇంటి మూడు తరాల కాన్పులు ఆమె చేతి మీదుగానే అయ్యేవి. ఎవరికి ఏది పట్టింపో ఆమెకు తెలుసు. నొప్పులు పడుతున్న మనిషి గుంజ పట్టుకుని నిలబడతానంటే నిలబడనిచ్చేది, గొంతుక్కూర్చుంటానంటే కూర్చోనిచ్చేది. మాయ పడ్డాక దాన్ని ఎక్కడ పూడ్చాలో, బొడ్డూడాక దాన్ని ఏం చేయాలో చెప్పేది. వారం పదిరోజులు వచ్చి నలుగు పెట్టి నీళ్లు పోసేది. "మంత్రసాని పనికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అన్న సామెత ఆమె ఓపికకు జనం ఇచ్చిన సర్టిఫికెట్.

అయితే దీన్ని మరీ ముచ్చటగా చెప్పుకోవడం కూడా సరికాదు. మంత్రసాని చాలాచోట్ల ఊరు అంటరానిదని దూరం పెట్టిన కులాల మనిషి. పురుడు మైల కాబట్టి ఆ మైలను ముట్టే పని ఆమెకు అప్పగించారు. గదిలో ఆమె చెయ్యి లేకుండా గడవదు, గది దాటాక ఆమె ముట్టినవన్నీ కడుక్కోవాలి. కూలి కింద ఓ చీర, కుంచెడు వడ్లు. ఇక వైద్యం వైపు చూస్తే, రక్తం ఆగకపోతే ఆమె దగ్గర మందు లేదు, బిడ్డ అడ్డం తిరిగితే చేసేదేమీ లేదు. కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డు కోసి, దాని మీద బూడిదో పేడో పెట్టడం వల్ల ధనుర్వాతంతో పసికందులు పోయేవారు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం అంటూ దాయీలకు ఇచ్చిన శిక్షణ, గర్భిణులకు టీటీ సూదులు, ఆసుపత్రి కాన్పులు కలిసి ఏళ్ల తరబడి పనిచేశాక, ఆ జబ్బును భారత్ అదుపులోకి తెచ్చిందని 2015లో ప్రకటించారు. పేడ కూడా ఆచారమే. దాన్ని మన్నించి ఊరుకోవాల్సిన పని లేదు.

కాబట్టి జల్లెడ పట్టక తప్పదు. నూనెలో ముఖం చూడటం, బిడ్డకు బుగ్గన చుక్క పెట్టడం, చెవుల్లో దూది, తలకు గుడ్డ ఎవరికీ హాని చేయవు, వాటి జోలికి పోవడం వృథా శ్రమ. కూర్చుని కనడం, పక్కన తల్లి ఉండటం మేలు చేస్తాయి, వాటిని ఆసుపత్రే తీసుకోవాలి. బొడ్డు మీద పేడ, నీళ్లు కట్టడి చేయడం, ముర్రుపాలు పిండి పారబోయడం ఆపించాలి. చిక్కేమిటంటే హాని లేనివాటి మీద నర్సు రోజూ గొడవపడితే, హాని ఉన్నదాని గురించి చెప్పినప్పుడు వినేవాళ్లు ఉండరు.

పెరూ కొండల్లో ఒక తాడు

కూర్చుని కనడం గురించి పెద్ద పాఠం వచ్చింది దక్షిణ అమెరికా నుంచి. పెరూ దేశంలో ఆండీస్ కొండల మీద, అయకూచో ప్రాంతంలో సాంతిల్యానా అనే జిల్లా ఉంది. అక్కడి కెచువా ఆదివాసీ మహిళలు ఆరోగ్య కేంద్రం దగ్గర్లో ఉన్నా ఇంట్లోనే కనేవారు. 1999లో అక్కడ ఆరోగ్య కేంద్రంలో కాన్పులు 6 శాతం. కారణాలు అడిగితే వాళ్లు చెప్పినవి మన ఏజెన్సీ గూడేల్లోనూ వినిపించేవే. బట్టలు విప్పిస్తారు. చలిగా ఉంటుంది, చన్నీళ్లతో కడుగుతారు. వెల్లకిలా పడుకోమంటారు. మొగుడిని, తల్లిని బయటే ఆపేస్తారు. మా మాట వాళ్లకు రాదు. మాయ తిరిగి ఇవ్వరు.

అక్కడి వాళ్లు చేసిన మార్పులకు పెద్ద యంత్రాలేమీ కావాల్సి రాలేదు. గది వెచ్చగా ఉంచారు. పట్టుకుని వేలాడేందుకు దూలానికి ఒక తాడు కట్టారు, కింద ఒక చెక్క పీట వేశారు. సొంత బట్టల్లో ఉండనిచ్చారు. భర్త వెనక నుంచి పట్టుకోవచ్చు, ఊరి మంత్రసాని పక్కన కూర్చోవచ్చు. సిబ్బంది కెచువాలో మాట్లాడారు. మాయను ఇంటివాళ్ల చేతికి ఇచ్చారు, వాళ్లు తీసుకెళ్లి పూడ్చుకున్నారు. 2007కి ఆరోగ్య కేంద్రంలో కాన్పులు 83 శాతానికి చేరాయి. ఈలోగా 2005లోనే పెరూ ఆరోగ్య శాఖ నిలువు కాన్పుకు దేశమంతటికీ వర్తించే నియమావళి తెచ్చింది.

కూర్చుని కనడం వట్టి పట్టింపు అనుకోవడానికీ లేదు. నిటారుగా ఉండి కంటే పట్టుకారుతో లాగాల్సిన అవసరం, కోత పెట్టాల్సిన అవసరం తగ్గుతాయని ప్రపంచవ్యాప్త పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. రక్తస్రావం కొంచెం ఎక్కువ కావచ్చనీ అవే చెబుతున్నాయి కాబట్టి పక్కన తెలిసిన మనిషి ఉండాలి. ఇష్టమైన భంగిమలో కననివ్వాలనీ, ఇష్టమైన మనిషిని తోడు ఉండనివ్వాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చేసిన సిఫార్సుల్లో ఉంది. తోడు విషయమైతే 26 పరీక్షలు, 15 వేలకు పైగా మహిళలు. నొప్పుల్లో మొదటి నుంచి చివరి వరకు ఒకరు పక్కన ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయి, సిజేరియన్లు తగ్గుతాయి. మన ప్రభుత్వం కూడా 2016లోనే సర్కారు ఆసుపత్రుల్లో తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించింది, లేబర్ రూమ్‌ల నాణ్యత పెంచడానికి 2017 చివర్లో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమం అదే మాట చెప్పింది. అయినా చాలాచోట్ల లేబర్ రూమ్ తలుపు దగ్గర ఇప్పటికీ వినిపించేది "బయట ఉండండమ్మా" అన్న మాటే. ఒకే హాల్లో నాలుగు టేబుళ్లు, మధ్యన తెర కూడా లేనప్పుడు తోడు మనిషిని రానిస్తే మిగతా ముగ్గురి మానం ఏం కావాలన్నది నర్సుల ప్రశ్న. దానికి జవాబు సర్క్యులర్‌లో ఉండదు, తెరలు కొనడంలో ఉంటుంది.

ఆసుపత్రి మడి

ఆచారాలు ఇంటివాళ్లకే ఉంటాయనుకోవడం పొరపాటు. ఆసుపత్రికీ ఒక మడి ఉంది. వచ్చీ రాగానే ఎనిమా, గొరగడం, పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పస్తు పెట్టడం, కాళ్లు పైకెత్తి కట్టే స్టీలు టేబుల్, తొలి కాన్పంటే కోత తప్పదనడం, బిడ్డ రాకపోతే పొట్ట మీద నొక్కడం. వీటిలో ఏదీ అందరికీ మామూలుగా చేయొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొట్ట నొక్కడం అసలే వద్దంటోంది. ఇవి ఎందుకు చేస్తున్నారని అడిగితే వచ్చే జవాబు అచ్చం అమ్మమ్మ జవాబులాగే ఉంటుంది: "మొదటి నుంచీ ఇంతే, మా సీనియర్లు ఇలాగే చేసేవారు."

ముర్రుపాల విషయం మరీ విచిత్రం. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టకపోవడానికి కారణం పెద్దవాళ్ల మూఢాచారమని పోస్టర్లు చెబుతాయి. 2019-21 సర్వేలో దేశం మొత్తం మీద గంటలోపు పాలు అందిన పిల్లలు 41.8 శాతమే, తెలంగాణలో అంతకంటే తక్కువ. నూటికి 97 మంది ఆసుపత్రిలో పుడుతున్న చోట ఈ నేరం అమ్మమ్మ మీద ఎంతవరకు నెట్టగలం? బిడ్డ పుట్టగానే తల్లి థియేటర్లోనో రికవరీలోనో, బిడ్డ ఇంకో గదిలో. కలిపేది ఆసుపత్రే, విడదీసేదీ ఆసుపత్రే.

థియేటర్ మాట వచ్చింది కనుక ముహూర్తం సంగతి. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4. ఇందులో ముహూర్తాల వాటా ఎంతైనా, మంచి నక్షత్రం చూసి ఫలానా రోజు ఉదయం ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు బిడ్డను తీయమని అడగడం, సరేననడం అందరికీ తెలిసిందే. సంప్రదాయాన్ని గౌరవించామని చెప్పుకోవచ్చు. కానీ ఏ సంప్రదాయాన్ని? బిల్లు కట్టగలిగిన ఇంటి నక్షత్రానికి థియేటర్ టైమ్ మారుతుంది. కింద కూర్చుని కంటానన్న కోయ మనిషికి టేబుల్ మారదు. అవసరం లేని కోత కాబట్టి ముహూర్తపు సిజేరియన్ హాని చేసే ఆచారాల్లోకే వస్తుంది, బొడ్డు మీద పేడ పక్కన. అది ఖరీదైన ఆచారం కాబట్టి దాన్ని ఎవరూ కసరరు.

పాతబస్తీ వైపు ప్రసూతి ఆసుపత్రుల్లో ఇంకో రకం పట్టింపులు ఉంటాయి. మగ డాక్టరు వద్దనడం, బిడ్డ చెవిలో త్వరగా అజాన్ వినిపించాలనడం. రెండోదానికి తాతకో తండ్రికో రెండు నిమిషాలు బిడ్డను అందిస్తే చాలు. మొదటిది అన్నివేళలా కుదరకపోవచ్చు, అప్పుడు కనీసం ముందే చెప్పి, పక్కన ఒక సిస్టర్‌ను ఉంచి, అవసరమైనంత మేరకే బట్ట తొలగిస్తే ఆ మనిషి కుంచించుకుపోకుండా ఉంటుంది.

ఏజెన్సీలో

మైదాన ప్రాంతాల్లో ఆచారాలు వేరైనా మాట ఒకటే. అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం, ఆదిలాబాద్, ఆసిఫాబాద్, భద్రాద్రి, ములుగు జిల్లాల కొండల్లో అదీ లేదు. కువి, సవర, కొలామి, గోండి, కోయ మాట్లాడే మనిషికి తెలుగు రెండో భాష, నొప్పులు ఎక్కువైతే ఆ రెండోది నోటికి రాదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల ఆడవాళ్లకు చాలామందికి అసలు తెలుగే రాదు. అప్పుడు నర్సు గొంతు పెంచుతుంది, గట్టిగా చెబితే అర్థమవుతుందన్నట్టు. "గట్టిగా ముక్కు" అన్న మాట అర్థంకాక బిత్తరపోయి చూస్తున్న మనిషికి "సహకరించడం లేదు" అని కేస్‌షీట్‌లో రాస్తారు. ఇలాంటి చోట్ల ఆదుకునేది చాలాసార్లు ఆయమ్మ. ఆమెది ఆ కొండే. ఏ ట్రైనింగూ లేని, జీతంలో అందరికంటే కింద ఉన్న ఆ మనిషే డాక్టరుకు, గర్భిణికి మధ్య వంతెన.

నెలలు నిండాక డోలీలో మోసుకొచ్చే బాధ తప్పించడానికి పార్వతీపురం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టింది. మంచి ఆలోచన. వాగులు పొంగే రోజుల్లో ప్రాణాలు కాపాడేది. అయినా వచ్చి ఉండమంటే వెనకాడేవాళ్లు ఉంటారు, వాళ్లను మొండివాళ్లనడం తేలిక. ఇంటి దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు, మేకలు, కోతకొచ్చిన పోడు ఉంటాయి. వాటిని వదిలి నెలరోజులు ఊరికే కూర్చోవడమంటే ఆమెకు సెలవు కాదు, టెన్షన్. తిండి వేరు, పడక వేరు, తెలిసిన ముఖం ఉండదు. చిన్నబిడ్డను వెంట తెచ్చుకోనిస్తారా, అత్తో తల్లో తోడు ఉండొచ్చా, కొర్రలో రాగులో వండుతారా అన్న చిన్న ప్రశ్నల మీదే ఆ మంచాలు నిండుతాయో ఖాళీగా ఉంటాయో తేలుతుంది.

గోదావరికి అవతల, కాళేశ్వరం ఎదురుగా ఉన్న సిరొంచలో తెలుగు మాట్లాడతారు. ఆ సిరొంచ ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోనే డాక్టర్లు అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు గోండు జనాన్ని ముందే అడిగారు, మీకు ఆసుపత్రి ఎలా ఉండాలి అని. పెద్ద బిల్డింగు భయమన్నారు, తెల్లకోట్లు భయమన్నారు, మనవాళ్లు పక్కన ఉండాలన్నారు. దాంతో గుడిసెల వరసలా కట్టి, చుట్టాలు ఉండి వండుకునే వీలు పెట్టి, ఆసుపత్రికి వాళ్ల దేవత దంతేశ్వరి పేరే పెట్టారు. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇళ్లలో పసికందుల సంరక్షణ చేయిస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. దేశమంతటా ఇప్పుడు ఆశాలు ఇంటికొచ్చి పసిబిడ్డను చూసే పద్ధతికి మూలం ఆ పని.

ఐసు ముక్కల దేశంలో

ఇదే తెలుగు మనిషి అమెరికాలో కంటే లెక్క తిరగబడుతుంది. కాన్పైన పది నిమిషాలకు నర్సు ఎంతో ప్రేమగా ఐసు ముక్కలు వేసిన నీళ్లు తెస్తుంది. పురుటి కోసం వీసా తీసుకుని సముద్రాలు దాటి వచ్చిన అమ్మ ఆ గ్లాసు చూసి గుండె పట్టుకుంటుంది. ఆవిడ సంచిలో వాము, శొంఠి, కాయం ముద్ద, చెవులకు దూది, కాళ్లకు మేజోళ్లు ఉన్నాయి. నర్సుకు ఇంగ్లిష్, ఆవిడకు తెలుగు, మధ్యలో అలసిపోయిన కూతురు. బొడ్డుతాడు కోస్తావా అని అల్లుడి చేతికి కత్తెర అందిస్తారు. పురుటి గది గుమ్మం కూడా తొక్కని తరం నుంచి వచ్చిన అత్తగారి ముందు ఆ అబ్బాయి పడే ఇబ్బంది ఇంకోటి.

అక్కడ ఇంటర్‌ప్రిటర్ ఉంటారు, భంగిమ మార్చుకోవచ్చు, తలుపేసుకోవచ్చు. లోపించేది ఒక ప్రశ్న: వేడినీళ్లు కావాలా, చన్నీళ్లు కావాలా? ఏ సౌకర్యమూ లేని మన పీహెచ్‌సీలో ఆ ప్రశ్న ఎవరూ అడగనక్కర్లేదు, నర్సు ఇంట్లోనూ బాలింతకు వేడినీళ్లే కాబట్టి. అక్కడ తెలియక చేస్తారు. ఇక్కడ మాత్రం తెలిసీ చేస్తారు. తన అక్కకు పురిట్లో ఏం భయమేసిందో గుర్తున్న నర్సే, డ్యూటీలో ఉన్నప్పుడు వేరే కులం, వేరే భాష, వేరే వీధి మనిషిని "నోర్మూసుకుని పడుకో" అంటుంది.

ఆ నర్సు గురించీ చెప్పుకోవాలి. రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉంటుంది, నొప్పుల మీద ముగ్గురు నలుగురు, అర్ధరాత్రి రిఫరల్‌లో ఇంకొకరు, తెల్లారేసరికి నింపాల్సిన రిజిస్టర్లు. ఏదైనా తేడా వస్తే బంధువుల చేతుల్లో దెబ్బలు తినేది కూడా ఆమే. ఓపికగా మాట్లాడమని గోడ మీద పోస్టరు అంటిస్తే ఓపిక పుట్టదు. నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చి, మామూలు కాన్పులన్నీ వాళ్ల చేతికి అప్పగించాలన్న ఆలోచనకు తెలంగాణ 2017లో హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి శ్రీకారం చుట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మిడ్‌వైఫ్ పని గంటల తరబడి పక్కన ఉండటం. నడుము రుద్దడం, నడిపించడం, బంతి మీద కూర్చోబెట్టడం, మాట్లాడటం. మంత్రసాని ఓపికను, ఆసుపత్రి మందులను ఒకే మనిషిలో చేర్చే ప్రయత్నం అది. శిక్షణ పొందినవాళ్లను మళ్లీ జనరల్ వార్డు డ్యూటీలకు తిప్పకుండా ఉంచితేనే ఆ ఖర్చుకు ఫలితం.

ఇంత పెద్ద వ్యవస్థలో ఎంత చిన్నచోట తేడా వస్తుందో చెప్పడానికి ఆపరేషన్ ముందు నగలు తీయించే ఘట్టం చాలు. అర్జెంటు సిజేరియన్. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు, రక్తనాళాలు మాడ్చే కరెంటు పరికరంతో కాలే ప్రమాదం ఉంటుంది. గాజులు, మెట్టెలు అయ్యాక మంగళసూత్రం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోతుంది. భర్త బతికుండగా మెడ బోసిగా ఉండకూడదు, అదీ ప్రాణం మీదికి వచ్చిన వేళ. తల్లి అడ్డుపడుతుంది, స్ట్రెచర్ ఆగుతుంది, లోపల మత్తు డాక్టరు కేకలేస్తుంటాడు. దీనికి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఒక పరిష్కారం ఉంది. పసుపుతాడుకు ఒక పసుపుకొమ్ము కట్టి మెడలో వేసి, అప్పుడు సూత్రాలు తీస్తారు. లోహం లేదు, మెడ బోసిగానూ లేదు. కాకపోతే రాత్రి రెండింటికి ఆసుపత్రి దగ్గర పసుపుకొమ్ము దొరకదు. అందుకని థియేటర్ బల్ల సొరుగులో దూది చుట్టల పక్కన ఓ పసుపుతాడు ఉండ, నాలుగు కొమ్ములు ఉంచుకునే సిస్టర్లు ఉన్నారు. ఇండెంట్‌లో ఆ పేరు ఉండదు, వాళ్ల డబ్బులతో వాళ్లే తెచ్చుకుంటారు.